సైకిల్ రిపేరు కుర్రాడి సరుకు బండ్లు

మన పార్కింగ్‌లోకి ఎంజీ బండి వస్తే ఒకసారి తల తిప్పి చూడనివాళ్ళు తక్కువ. ఆ రెండక్షరాలకు అర్థమేంటని అడిగితే మాత్రం చాలామంది చైనా కంపెనీ పేరు అనేస్తారు. ఇప్పుడు ఆ బ్రాండు చైనా కంపెనీ చేతిలో ఉన్న మాట నిజమే. మన దగ్గర తిరిగే బండ్లు గుజరాత్‌లోని హలోల్‌లో తయారవుతాయి, అదీ నిజమే. కానీ ఆ అక్షరాలు మాత్రం ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ ఊళ్ళో ఒకాయన నడిపిన మెకానిక్ షెడ్లవి. మోరిస్ గరాజెస్. ఆ మోరిస్ గురించే ఈ వ్యాసం.

పేరు కొట్టి వెతికితే ముందు వేరే విలియం మోరిస్ వస్తాడు, వాల్‌పేపర్లు డిజైన్ చేసిన కవి. ఆయన కాదు. మనవాడు విలియం రిచర్డ్ మోరిస్, తర్వాతి రోజుల్లో లార్డ్ నఫీల్డ్. ఆయన కార్ల గురించి, ఎంజీ స్పోర్ట్స్ కార్ల గురించి పుస్తకాలే ఉన్నాయి. నన్ను పట్టుకున్నవి మాత్రం ఆయన వ్యాన్లు, లారీలు. కారు చూసుకుని మురిసిపోవడానికి కూడా కొంటారు. లారీ అలా కాదు, పొద్దున స్టార్ట్ అవ్వాలి, సాయంత్రానికి కిరాయి తేవాలి, చెడిపోతే దార్లోనే బాగవ్వాలి. మోరిస్‌ని అర్థం చేసుకోవాలంటే ఈ చివరి మాట దగ్గర మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

1877 అక్టోబర్ 10న వూస్టర్‌లో పుట్టాడు. మూడేళ్ళ వయసప్పుడు కుటుంబం ఆక్స్‌ఫర్డ్ వైపు వచ్చేసింది. తండ్రి తాతగారి పొలం వ్యవహారాలు చూసేవాడు. పిల్లాడికి డాక్టర్ అవ్వాలని, ముఖ్యంగా సర్జన్ అవ్వాలని ఉండేది. ఇంటి పరిస్థితి కుదరలేదు. 15 ఏళ్ళకే చదువు ఆపేసి ఒక సైకిల్ షాపులో పనికి చేరాడు. తొమ్మిది నెలలు చేశాక ఒక షిల్లింగ్ జీతం పెంచమన్నాడు, ఓనరు కుదరదన్నాడు. కుర్రాడు మానేసి వచ్చి, జేమ్స్ స్ట్రీట్‌లో తమ ఇంటి వెనకున్న షెడ్డులో 4 పౌండ్ల పెట్టుబడితో సొంతంగా సైకిల్ రిపేర్లు మొదలుపెట్టాడు. అప్పటికి వయసు 16.

రిపేర్ల నుంచి సొంత సైకిళ్ళ తయారీకి వెళ్ళాడు. మొదటి ఆర్డర్లలో ఒకటి ఆ పేట చర్చి ఫాదర్‌ది. ఆయన బాగా పొడగరి, మామూలు ఫ్రేము చాలదు, అందుకని కొలత తీసుకుని పెద్ద ఫ్రేము కట్టి ఇచ్చాడు. తను తయారుచేసిన సైకిల్ మీద తనే రేసులకు వెళ్ళి చుట్టుపక్కల జిల్లాల్లో కప్పులు గెలుచుకొచ్చేవాడు. ఇంతకంటే మంచి అడ్వర్టైజ్‌మెంట్ ఏముంటుంది?

సైకిళ్ళ తర్వాత మోటార్‌సైకిళ్ళు, ఆ తర్వాత కార్ల రిపేర్లు. మధ్యలో ఒక పెద్ద దెబ్బ తగిలింది. డబ్బున్న ఒక విద్యార్థితో, ఇంకొకరితో కలిసి పార్ట్‌నర్‌షిప్ పెట్టాడు. పని మోరిస్‌ది, ఖర్చు వాళ్ళది. 1904 కల్లా కంపెనీ మునిగిపోయింది. ఆస్తుల వేలంలో మోరిస్ టూల్స్ కూడా అమ్మకానికి పెట్టారు. తన స్పానర్లు తనే అప్పుచేసి పాడుకుని కొనుక్కోవాల్సి వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఎలిజబెత్ యాన్‌స్టీతో పెళ్ళి. అంటే కొత్త కాపురం, అప్పు, టూల్ బాక్సు, అంతే. తర్వాత జీవితాంతం ఆయన కంపెనీ పగ్గాలు ఇంకొకరి చేతికి మనస్ఫూర్తిగా ఇవ్వలేకపోయాడు. ఈ వేలమే దానికి కారణమని చెప్పడానికి నా దగ్గర రుజువేమీ లేదు గానీ, నాకలాగే అనిపిస్తుంది.

లాంగ్‌వాల్ స్ట్రీట్‌లో గరాజు పెట్టి కార్లు అమ్మడం, అద్దెకివ్వడం, టాక్సీలు తిప్పడం మొదలుపెట్టాడు. సొంత కారు కంటే ముందు ఆయన ఊరినంతా కుదిపింది మాత్రం బస్సులతో. ఆక్స్‌ఫర్డ్‌లో అప్పటికింకా గుర్రాలు లాగే ట్రాములే. కరెంటు ట్రాములు వేస్తామని కంపెనీ ఏళ్ళ తరబడి చెప్తూనే ఉంది, అందమైన వీధుల్లో తీగలు వేలాడతాయని కొందరి అభ్యంతరం. ఫ్రాంక్ గ్రే అనే స్థానిక లాయరు మోటారు బస్సులు కావాలని ప్రచారం చేస్తున్నాడు. 1913 డిసెంబర్‌లో మోరిస్ బస్సులు తెచ్చి రోడ్డెక్కించేశాడు, లైసెన్సు లేకుండానే. లైసెన్సు లేకపోతే బస్సులో టికెట్ డబ్బులు తీసుకోకూడదు. అందుకని ఏం చేశాడంటే, ఊళ్ళో షాపుల్లో కూపన్లు అమ్మించాడు. జనం షాపులో కూపన్ కొనుక్కుని బస్సెక్కేవాళ్ళు. బస్సులో పైసా చేతులు మారదు! జనం మోటారు బస్సుకి అలవాటు పడిపోయాక కౌన్సిల్ చేయగలిగింది పెద్దగా లేదు. కొన్ని వారాల్లోనే మోటారు బస్సులకు లైసెన్సులు వచ్చాయి, 1914లో గుర్రపు ట్రాములు ఆగిపోయాయి. మోరిస్ ఆ తర్వాత బస్సులు తిప్పే వ్యాపారంలో ఉండలేదు.

సొంత కారు సంగతి కొంచెం త్వరగా చెప్తాను. 1912లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న కారు డిజైన్ చేశాడు, ముందు రేడియేటరు గుండ్రంగా ఉంటుంది కాబట్టి దానికి బుల్‌నోస్ అని పేరు పడింది. ఆ ఏడాది లండన్ మోటారు షోకి బండి సిద్ధం కాలేదు. డ్రాయింగులు పట్టుకెళ్ళి చూపిస్తే, గోర్డన్ స్టీవర్ట్ అనే డీలరు వాటిని చూసే 400 కార్లకు ఆర్డరిచ్చాడు. మోరిస్ పద్ధతి ఏంటంటే ఇంజను కోవెంట్రీలోని వైట్ అండ్ పాప్ దగ్గర, యాక్సిళ్ళు బర్మింగ్‌హామ్‌లోని ఈ.జీ. రిగ్లీ కంపెనీ దగ్గర, బాడీ ఇంకో చోట చేయించి, తన దగ్గర బిగించడం. ఇప్పుడు మనం లైబ్రరీలు ఇంపోర్ట్ చేసుకుని యాప్ కట్టినట్టే. ఫ్యాక్టరీకి కౌలీలో ఒక పాత మిలిటరీ కాలేజీ భవనం దొరికింది. అంతకుముందు అది స్కూలు, మోరిస్ తండ్రి చదువుకున్నది అక్కడే. ఈ రిగ్లీ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో కౌలీలో గ్రెనేడ్లు, సముద్రంలో మైన్లను నీటి కింద నిలిపే పరికరాలు తయారయ్యాయి. యుద్ధం అయ్యాక ధరలు పడిపోయి అమ్మకాలు ఆగిపోతే, 1921లో మోరిస్ కార్ల ధర ఒక్కసారిగా తగ్గించేశాడు. అందరూ పిచ్చి పని అనుకున్నారు. 1925 కల్లా ఏడాదికి 50 వేల కార్లు దాటాయి.

ఇక లారీల దగ్గరికి వద్దాం. యుద్ధం ముగిశాక బ్రిటన్‌లో ఒక విచిత్రమైన పరిస్థితి వచ్చింది. సైన్యం వాడిన వేలాది లారీలు మిగిలిపోయి అమ్మకానికొచ్చాయి. సైన్యంలో డ్రైవింగ్ నేర్చుకున్న కుర్రాళ్ళు ఇంటికొచ్చి, చేతికొచ్చిన డబ్బుతో ఒక పాత లారీ కొనుక్కుని కిరాయిలు మొదలుపెట్టారు. మన భాషలో చెప్పాలంటే ఓనర్ కమ్ డ్రైవర్లు. ఆ లారీలు పెద్దవి, బరువైనవి, చాలావాటికి గట్టి రబ్బరు చక్రాలు. కూరగాయల వ్యాపారికి, బేకరీ వాడికి, ఊళ్ళో ఫర్నిచర్ కొట్టుకి అంత బండి అవసరం లేదు. వాళ్ళకి కావలసింది ఒక టన్ను మోసే బండి. ఆ సైజులో ఫోర్డ్ వాళ్ళ టీటీ లారీ ఒకటి రాజ్యమేలుతోంది, డిజైన్ అమెరికాది.

సరిగ్గా అప్పుడే మోరిస్‌కి యాక్సిళ్ళు సప్లై చేసిన రిగ్లీ కంపెనీ నష్టాల్లో మునిగింది. మోరిస్ ఆ ఫ్యాక్టరీ కొనేసి, 1924లో బర్మింగ్‌హామ్ సోహోలో మోరిస్ కమర్షియల్ కార్స్ అని పేరు పెట్టాడు. మొదటి బండి ఒక టన్ను లారీ. దాని ఇంజను కొత్తదేం కాదు, ఆక్స్‌ఫర్డ్ కారులోదే. ఇది డబ్బు మిగుల్చుకోడానికి చేసిన పని అని తేలిగ్గా తీసేయొచ్చు. కానీ వాడేవాడి వైపు నుంచి చూడండి. ఊరూరా మోరిస్ కార్లు ఉన్నాయి, ఊరూరా వాటి డీలర్లున్నారు, స్పేర్ పార్ట్స్ ఉన్నాయి, ఆ ఇంజను విప్పడం తెలిసిన మెకానిక్కు ఉన్నాడు. లారీ ఎక్కడ ఆగిపోయినా దాని గురించి తెలిసినవాడు దగ్గర్లో దొరుకుతాడు. రిపేరు షాపులో పెరిగినవాడు లారీ కడితే ఇలాగే కడతాడు.

కంపెనీ దగ్గర ఛాసిస్ కొనుక్కుని మీద బాడీ వేరే చోట కట్టించుకోవడం కూడా మామూలే. విజయవాడ ఆటోనగర్ చూసినవాళ్ళకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఒకే ఛాసిస్ ఒక చోట పాల వ్యాను అయ్యేది, ఇంకో చోట ఫైరింజను, మరో చోట గొర్రెల్ని తీసుకెళ్ళే బండి.

ఆ కాలపు బండి నడపడం ఎలా ఉండేదో తెలుసుకుంటుంటే నాకు టైమే తెలియలేదు, అందుకని ఇక్కడ కాస్త ఆగుతాను. పొద్దున్నే ముందు నిలబడి హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేయాలి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉంచాలి, చుట్టూ బిగించకూడదు. ఎందుకంటే ఇంజను ఒక్కోసారి వెనక్కి తంతుంది, బొటనవేలు అవతలి వైపుంటే విరిగిపోతుంది. తిప్పే ముందు ఇగ్నిషన్ టైమింగ్‌ని వెనక్కి జరపాలి, స్టార్ట్ అయ్యాక మళ్ళీ ముందుకి జరపాలి, దానికి డ్రైవరు చేతికందేలా ఒక చిన్న లివరు. చలికాలం రాత్రి మంచు పడుతుందనిపిస్తే రేడియేటరులో నీళ్ళు వదిలేయాలి, లేకపోతే గడ్డకట్టి ఇంజను బ్లాకే పగులుతుంది. పొద్దున మళ్ళీ పోసుకోవాలి.

గేర్లు మార్చడం ఒక విద్య. సింక్రోమెష్ లేదు. క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ వదిలి, మళ్ళీ తొక్కి, అప్పుడు పక్క గేరు వేయాలి. కింది గేరుకి దిగాలంటే మధ్యలో న్యూట్రల్‌లో ఉండగా యాక్సిలరేటరు కొంచెం తొక్కి ఇంజను వేగం పెంచాలి, అప్పుడే పళ్ళు కలుస్తాయి. లేకపోతే వీధంతా వినపడేలా కీచుమంటుంది. నెట్‌వర్క్స్‌లో హ్యాండ్‌షేక్ చదివాం కదా, రెండు వైపులా సిద్ధమయ్యాకే డేటా కదులుతుంది. ఇక్కడ ఆ ప్రోటోకాల్ అంతా డ్రైవరు చెవిలో, ఎడమకాల్లో ఉంటుంది. కొండ దిగేటప్పుడు గేరు తప్పితే, బ్రేకులు వెనక చక్రాలకే ఉన్న బండి మీద టన్ను సరుకుతో ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అందుకని కొండ మొదట్లోనే కింది గేరు వేసుకుని దిగేవాళ్ళు.

మెయింటెనెన్స్ అంటే సర్వీస్ సెంటర్‌లో వదిలి రావడం కాదు. కమాన్ కట్టల పిన్నులకు, స్టీరింగ్ జాయింట్లకు గ్రీజు కొట్టడం, టాపెట్ల గ్యాప్ చూసుకోవడం, కొన్ని వేల మైళ్ళకోసారి సిలిండర్ హెడ్ విప్పి పిస్టన్ల మీద పేరుకున్న మసి గీకేయడం, వాల్వులు అరగదీసి కూర్చోబెట్టడం, ఇవన్నీ చాలాసార్లు డ్రైవరు పనులే. ఆ సైడ్ వాల్వ్ ఇంజన్లలో వాల్వులు సిలిండరు బ్లాకులోనే పక్కన ఉంటాయి, కాబట్టి హెడ్ అంటే బోల్టులు విప్పితే వచ్చేసే ఒక మూత లాంటిది. పవర్ తక్కువే. కానీ ఇంటి ముందు ఆదివారం పూట విప్పి సాయంత్రానికి బిగించేయొచ్చు. ఇప్పటి బండిలో వార్నింగ్ లైటు వెలిగితే ల్యాప్‌టాప్ తగిలించాలి. కోడ్ రాసేవాడిగా నాకు ల్యాప్‌టాప్ మీద కోపం లేదు, కానీ తన బండిని తను పూర్తిగా చదవగలిగిన ఆ డ్రైవరుని చూస్తే అసూయగానే ఉంది.

1927లో దివాలా తీసిన ఉల్స్‌లీ కంపెనీని మోరిస్ 7,30,000 పౌండ్లకు కొన్నాడు, పోటీలో ఆస్టిన్ కూడా ఉన్నాడు. ఆ ఉల్స్‌లీ వాళ్ళ ఆడర్లీ పార్క్ ఫ్యాక్టరీలోకి 1932లో మోరిస్ కమర్షియల్ మారింది. లారీలతో పాటు బస్సులు, టాక్సీలు కూడా వచ్చాయి. బస్సుల పేర్లు చూడండి: వైస్‌రాయ్, డిక్టేటర్, ఇంపీరియల్. ఇవాళ ఏ మార్కెటింగ్ టీమూ ఒప్పుకోదు. బ్రిటిష్ పోస్టాఫీసు కూడా ఎర్ర రంగు మోరిస్ వ్యాన్లను పెద్ద ఎత్తున కొన్నది. ఉత్తరాలకు ఎరుపు, టెలిఫోన్ లైన్‌మన్ల బండ్లకు ముదురు ఆకుపచ్చ.

అప్పటికి మోరిస్ లార్డ్ నఫీల్డ్ అయ్యాడు, 1934లో. నఫీల్డ్ అనేది ఆయన ఉండే ఊరి పేరు. ఇక్కడి నుంచి ఆయన కథ రెండు రకాలుగా నడుస్తుంది, రెండూ చెప్పాలి.

యూనియన్లంటే ఆయనకు అస్సలు గిట్టేది కాదు. జీతాలు మిగతా చోట్ల కంటే బాగానే ఇచ్చేవాడు, 1936లో కార్మికుల కోసం 20 లక్షల పౌండ్లకు పైగా విలువైన షేర్లు పక్కన పెట్టాడు, కానీ అదంతా తను ఇస్తేనే. వాళ్ళు కలిసి అడిగితే వినే మనిషి కాదు. ఒక షిల్లింగ్ అడిగి కాదనిపించుకుని బయటికొచ్చిన కుర్రాడే ఇలా తయారవడం నాకు మింగుడుపడలేదు. ఆస్వాల్డ్ మోస్లీ కొత్త పార్టీ పెడుతుంటే 50,000 పౌండ్లు ఇచ్చాడు. ఈ మోస్లీయే తర్వాత బ్రిటిష్ ఫాసిస్టుల నాయకుడయ్యాడు. ఇచ్చిన నాటికి అది ఫాసిస్టు పార్టీ కాదు నిజమే, అయినా ఈ విషయం దాచేసి ఆయన్ని దానకర్ణుడని పొగడటం సరికాదు. పనిమంతులు కూడా ఆయన దగ్గర నిలబడలేకపోయారు. కౌలీ ఫ్యాక్టరీని ఆధునికంగా మార్చిన లియొనార్డ్ లార్డ్ 1936లో గొడవపడి వెళ్ళిపోయి, కొన్నాళ్ళకు పోటీ కంపెనీ ఆస్టిన్‌లో చేరాడు.

రెండో వైపు డబ్బు ఇచ్చేయడం. పిల్లలు లేరు. జీవితకాలంలో దాదాపు 3 కోట్ల పౌండ్లు దానం చేశాడు, అందులో పెద్ద భాగం వైద్యానికి. 1936లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ మెడికల్ స్కూలుకి 20 లక్షల పౌండ్లు ఇచ్చేటప్పుడు, మత్తు వైద్యానికి కూడా ఒక ప్రొఫెసర్ పదవి ఉండాలని పట్టుబట్టాడు. యూనివర్సిటీ పెద్దలకు అది సైన్సే కాదు. ఆయన వినలేదు. ఆపరేషన్ టేబుల్ మీద పడుకున్నవాడికి మత్తు ఎంత ముఖ్యమో ఆయనకు అనుభవం. 1937లో రాబర్ట్ మెకింటోష్ ఆ పదవిలో కూర్చున్నాడు.

ఆ మెకింటోష్ తీయించిన ఒక చిన్న సినిమాలో ఐరన్ లంగ్ కనిపించింది. పోలియో వచ్చి ఊపిరి తీసుకోలేని పిల్లల్ని అందులో పడుకోబెడితే మిషనే ఊపిరి ఆడిస్తుంది. ఉన్నవి చాలా ఖరీదు, ఆస్పత్రులకు అందవు. ఆస్ట్రేలియాలో ఎడ్వర్డ్ బోత్ అనే ఆయన ప్లైవుడ్‌తో చవకైన మోడల్ తయారుచేశాడు. పేరు ఐరన్, ఒళ్ళు చెక్క. నఫీల్డ్ ఆ సినిమా చూసి, కౌలీలోనే వాటిని తయారుచేయించి, బ్రిటిష్ సామ్రాజ్యంలో ఏ ఆస్పత్రి అడిగినా ఉచితంగా ఇస్తానన్నాడు. అవసరం లేని ఆస్పత్రులకు కూడా ఇస్తున్నారని కొందరు డాక్టర్లు తప్పుపట్టారు. చివరికి దాదాపు 1,700 వెళ్ళాయి. కార్లు కట్టే చోటే ఊపిరితిత్తులు కట్టడం అనే ఆలోచన డాక్టర్ కాలేకపోయిన మెకానిక్‌కే వస్తుంది.

ఇంజనీరింగ్ కాలేజీ మ్యాగజైన్ కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. 1937లో ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఒక కాలేజీ పెట్టిద్దామనుకున్నాడు, ఇంజనీరింగ్‌కి. యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ మాట్లాడి మాట్లాడి, దాన్ని సాంఘిక శాస్త్రాల కాలేజీగా మార్చేశాడు. నఫీల్డ్ కాలేజీ ఇప్పటికీ ఎకనామిక్స్‌కి, రాజకీయ శాస్త్రానికి పేరున్నదే. డబ్బిచ్చినాయన చాలా ఏళ్ళు దాని మీద గుర్రుగా ఉన్నాడు. బ్రాంచ్ మార్పించే పెద్దలు ఎక్కడైనా ఉంటారన్నమాట.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన బలమూ బలహీనతా రెండూ బయటపడ్డాయి. క్యాజిల్ బ్రామిచ్‌లో స్పిట్‌ఫైర్ విమానాలు తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీ బాధ్యత తీసుకున్నాడు. కార్ల పద్ధతిలో విమానాలు రాలలేదు, డిజైన్ మాటిమాటికీ మారుతోంది. 1940 మేలో మంత్రి బీవర్‌బ్రూక్ దాన్ని ఆయన చేతుల్లోంచి తీసేసి వికర్స్‌కి ఇచ్చేశాడు. అదే సమయంలో దెబ్బతిన్న విమానాలను బాగుచేసే వ్యవస్థ ఒకటి కౌలీ కేంద్రంగా ఆయన ఆధ్వర్యంలో మొదలైంది. అది బ్రహ్మాండంగా పనిచేసింది. కూలిన విమానాల ముక్కల్ని లారీల మీద తెచ్చి, మళ్ళీ ఎగిరే విమానాలు చేసి పంపేవాళ్ళు. కొత్తది కట్టడంలో ఓడినాయన పాతది బాగుచేయడంలో గెలిచాడు.

ఆడర్లీ పార్క్ నుంచి సైన్యానికి వెళ్ళిన బండ్లలో క్వాడ్ అనేది ఒకటి. వీపు వంగిన పేడపురుగులా ఉంటుంది, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది, వెనక 25 పౌండర్ ఫిరంగి. ఉత్తర ఆఫ్రికా ఎడారి ఫొటోల్లో తరచూ కనిపిస్తుంది.

యుద్ధం తర్వాత వచ్చిన జే టైప్ వ్యాను నాకు బాగా నచ్చిన బండి. 1948లో షోలో పెట్టారు, 1949 నుంచి రోడ్ల మీదికి వచ్చింది. ముక్కు లేదు, ఇంజను క్యాబిన్‌లోనే డ్రైవరు పక్కన మూత కింద ఉంటుంది. తలుపులు పక్కకి జారతాయి, కాబట్టి సందు వీధిలో ఆపి, తలుపు తెరిచే ఉంచి, రొట్టెలో పాలో ఇచ్చేసి మళ్ళీ ఎక్కేయొచ్చు. మోసేది అర టన్ను. రిపేరుకి వస్తే బయట వానలో నిలబడక్కర్లేదు, లోపలే కూర్చుని మూత తీసి చూసుకోవచ్చు. కాకపోతే ఇంజను వేడీ, మోతా రెండూ డ్రైవరుకి తోడు.

అదే 1948లో మోరిస్ మైనర్ కారు వచ్చింది, డిజైన్ ఎలెక్ ఇసిగోనిస్. నఫీల్డ్‌కి ఆ కారు రూపం అస్సలు నచ్చలేదు, మొహం మీదే వెక్కిరించాడు. తర్వాత 10 లక్షలు దాటిన మొదటి బ్రిటిష్ కారు అదే. దాని మీద కట్టిన చిన్న వ్యాన్లు పోస్టాఫీసుకి వెళ్ళాయి. మొదటివాటికి ముందు చక్రాల పైన మడ్‌గార్డులు రబ్బరువి! ఇరుకు సందుల్లో రోజూ ఎక్కడో ఒకచోట గీసుకుంటాయి, రేకయితే ప్రతిసారీ డెంటింగ్, పెయింటింగ్. రబ్బరైతే వంగి మళ్ళీ నిలబడుతుంది. హెడ్‌లైట్లు ఆ రబ్బరు మడ్‌గార్డుల నెత్తిన కప్ప కళ్ళలా ఉండేవి. అందం సంగతి పోస్టాఫీసుకి అనవసరం.

1952లో మోరిస్, ఆస్టిన్ కంపెనీలు కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అయ్యాయి. నఫీల్డ్ మొదటి ఛైర్మన్, కొద్ది నెలలే. తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరనుకున్నారు, 1936లో గొడవపడి వెళ్ళిపోయిన లియొనార్డ్ లార్డ్. ఇంకొన్నాళ్ళకు జే టైప్ వ్యానే ఆస్టిన్ బ్యాడ్జీతో కూడా అమ్మారు.

మనకి ఆయన చేరింది బెంగాల్ మీదుగా. హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారాలో మోరిస్ కార్ల డిజైన్లే తీసుకుని కట్టింది. బేబీ హిందుస్థాన్ అంటే మైనరు, అంబాసిడర్ అంటే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. కలెక్టరు గారి కారు, పెళ్ళికొడుకు కారు, స్టేషను బయట టాక్సీ అన్నీ అదే. 2014 దాకా తయారైంది. ప్రతి చిన్న ఊళ్ళోనూ దాన్ని విప్పి బిగించేవాడు ఒకడు ఉండబట్టే అన్నాళ్ళు నిలిచింది.

కంపెనీ నుంచి తప్పుకున్నాక నఫీల్డ్ దంపతులు హెన్లీ దగ్గరి నఫీల్డ్ ప్లేస్ ఇంట్లోనే ఉన్నారు. ఆయన స్థాయికి అది పెద్ద ఇల్లేం కాదు. తిరగడానికి చిన్న ఉల్స్‌లీ కారు. రాత్రుళ్ళు నిద్ర సరిగా పట్టేది కాదు. పడకగదిలో ఒక అల్మారా ఉంది. బయటికి చూస్తే బట్టల అల్మారా. తలుపు తీస్తే లోపల వరసగా సుత్తులు, ఆకురాళ్ళు, స్క్రూడ్రైవర్లు, చెప్పులు బాగుచేసుకునే సామాను. 1959లో భార్య చనిపోయింది. 1963 ఆగస్టు 22న ఆయన పోయాడు. వారసులు లేక బిరుదు ఆయనతోనే ముగిసింది. ఇన్నేళ్ళు గుర్రుగా ఉన్న ఆ కాలేజీకే చివరికి ఇల్లు రాసిచ్చాడు. ఇప్పుడు ఆ ఇంటిని నేషనల్ ట్రస్ట్ చూసుకుంటోంది. చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి ఆ అల్మారా తలుపు తీసి చూపిస్తారు, టూల్స్ ఇంకా వాటి చోట్లలోనే ఉన్నాయి.